గుడ్డు సలాడ్ నీళ్లు వదలకుండా, క్రీమ్‌లా రావాలంటే మీరెట్లా చేస్తున్నారు?

క్లాక్‌టవర్ పక్క ఇల్లు, నల్గొండ
బ్రెడ్డు మధ్యలో పెట్టుకునే తెల్లటి గుడ్డు సలాడ్ కావాలని పిల్లలు ఒకటే గోల. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ చెడింది. మొదటిసారి పెంకు ఊడలేదు, సగం తెల్లసొన దాంతోనే పోయింది. రెండోసారి పెంకు ఎట్లాగో వచ్చింది కానీ అరగంటకే సలాడ్ నీళ్లు వదిలి బ్రెడ్డు ముద్దయింది. 6 గుడ్లు, చిన్న కప్పు నిండా మయోనైజ్, సగం కీర దోసకాయ, ఒక ఉల్లిగడ్డ, ఉప్పు, మిరియాల పొడి. అన్నీ కలిపి పప్పుగుత్తితో ఎనిపాను. గుడ్లు పాతవి కూడా కావు, పౌల్ట్రీ ఫారం నుంచి ఆ పొద్దున్నే తెచ్చినవి.

పాలమూరు వంటిల్లు
పొద్దున్నే తెచ్చినవి కాబట్టే పెంకు రాలేదు అక్కా. తాజా గుడ్డులో తెల్లసొన లోపలి పొరను గట్టిగా పట్టుకుని ఉంటుంది. నాలుగు రోజులు ఉంచితే లోపలి కార్బన్ డయాక్సైడ్ పెంకు రంధ్రాల్లోంచి మెల్లగా పోయి ఆ పట్టు వదులుతుంది. మా ఇంట్లో ఆమ్లెట్‌కు కొత్తవి, ఉడకబెట్టడానికి వారం కింద తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టినవి. ఇంకొకటి, చల్లనీళ్లలో గుడ్లు వేసి పొయ్యి మీద పెట్టకండి. నీళ్లు మరిగాక గరిటెతో ఒక్కొక్కటి దించండి. మంట తగ్గించి 11 నిమిషాలు, ఆ తర్వాత ఐసు నీళ్లలో ఇంకో 10 నిమిషాలు.

మిర్యాలగూడ తమ్ముడు
ఎండాకాలం కరెంటు పోతే ఐసెక్కడిది అక్కా? నేను కుండనీళ్లు పోసి రెండుసార్లు మారుస్తా. పెంకు బాగానే వస్తుంది.

పాలమూరు వంటిల్లు
కుండనీళ్లయినా సరే. వేడి ఆగడం ముఖ్యం. పులుసు కోసం ఉడికించినట్టు 20 నిమిషాలు వదిలేస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత వస్తుంది. పచ్చసొనలోని ఇనుము, తెల్లసొనలోని గంధకం కలిసి అట్లా అవుతుంది. తింటే ఏమీ కాదు. పులుసులో కనపడదు కూడా, సలాడ్‌లో మాత్రం రంగు మాసిపోతుంది.

అచ్చంపేట వదిన
అసలు సంగతి పప్పుగుత్తి. దాంతో అంతా కలిపి ఎనిపితే తెల్లసొన నలిగి రబ్బరు ముక్కల పేస్టులా తయారవుతుంది. పచ్చసొనలు వేరుగా తీసుకోండి. వాటిని మాత్రమే ఫోర్కుతో మెత్తగా చేసి, అందులో మయోనైజ్, అర చెంచా ఆవపిండి, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి గిలకొట్టండి. క్రీమ్ అక్కడే తయారవుతుంది. తెల్లసొన కత్తితో చిన్న ముక్కలు కోసి చివర్లో కలపండి. 6 గుడ్లకు 4 పెద్ద చెంచాల మయోనైజ్ చాలు, కప్పు నిండా వేస్తే జారిపోతుంది. ఆవపిండిని ముందు కొంచెం చల్లనీళ్లలో తడిపి 10 నిమిషాలు ఉంచండి, ఘాటు బయటికొస్తుంది. వేడినీళ్లు పోస్తే ఆ ఘాటు చచ్చిపోతుంది.

ఇక మీ నీళ్లకు కారణం కీర దోస, ఉల్లి. ఉప్పు తగలగానే రెండూ నీళ్లు వదులుతాయి. కీర దోస గింజలు తీసేసి, ముక్కలకు ఉప్పు రాసి పావుగంట ఉంచి గుడ్డలో పిండండి. నేనైతే కీర దోస మానేశాను. అమెరికా పద్ధతిలో కరకర కోసం సెలరీ వేస్తారు, అది మా ఊళ్లో దొరకదు, ఉల్లికాడలు వేస్తున్నా. పెంకు తీసిన గుడ్లను తుడవండి, పూర్తిగా చల్లారాకే కలపండి. వేడి గుడ్డు మీద మయోనైజ్ కరిగి నూనె తేలుతుంది.

నకిరేకల్ నిమ్మకాయ
నిమ్మకాయ మాట వచ్చింది కాబట్టి మా నకిరేకల్ నిమ్మ మార్కెట్ పేరు ఒక్కసారి చెప్పుకుంటా 😀 మయోనైజ్ మాత్రం ఇంట్లో పచ్చి గుడ్డుతో చేయకండి. కడుపు చెడగొట్టే సాల్మొనెల్లా అనే బాక్టీరియా భయం ఉంటుంది. 2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్ తయారీ, అమ్మకం ఏడాది పాటు నిషేధించింది కదా. నేను పాలతో చేస్తా. మిక్సీ చిన్న జార్‌లో పావు కప్పు చల్లటి చిక్కని పాలు పోసి, అర కప్పు సన్‌ఫ్లవర్ నూనె కొంచెం కొంచెంగా పోస్తూ ఆపి ఆపి తిప్పితే గట్టిపడుతుంది. నిమ్మరసం, ఉప్పు ఆఖర్లో. పల్లి నూనెతో చేస్తే వాసన మొత్తం దానిదే ఉంటుంది.

మిర్యాలగూడ తమ్ముడు
అంత కష్టమెందుకు, బట్టలో కట్టి నీళ్లు కార్చిన పెరుగు వేస్తే సరిపోదా?

అచ్చంపేట వదిన
వేసుకో తమ్ముడూ, కాకపోతే దాన్ని గుడ్డు పెరుగుపచ్చడి అను. సగం మయోనైజ్, సగం గట్టి పెరుగు అయితే నేనూ ఒప్పుకుంటా. పులుపు ఉంటుంది కాబట్టి నిమ్మ తగ్గించాలి.

రిటైర్డ్ సార్, వనపర్తి
పిల్లలకంటున్నారు కాబట్టి చెబుతున్నానమ్మా. ఇది స్కూలు టిఫిన్ బాక్సులో పెట్టకండి. బయట 2 గంటలకు మించి ఉంచకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. మన ఏప్రిల్ సంగతి మీకు తెలిసిందే. ఫ్రిజ్‌లో మూత పెట్టి ఉంచితే 3 రోజులు. కరెంటు చాలాసేపు పోయి ఫ్రిజ్ చల్లదనం పోతే మాత్రం ఆశ పెట్టుకోకుండా పారేయండి.

క్లాక్‌టవర్ పక్క ఇల్లు, నల్గొండ
ఆదివారం చేశాను. వారం నాటి గుడ్లు, కుండనీళ్లు, పచ్చసొన వేరు. ఆరింటిలో ఒక్కదానికే పెంకు సతాయించింది. కీర దోస వేయలేదు, ఉల్లికాడలే. గంట తర్వాత చూసినా గిన్నె అడుగున నీళ్లు లేవు. ఆవపిండి వదిన చెప్పినంత వేస్తే చిన్నదానికి ఘాటెక్కింది, ఈసారి పావు చెంచా వేస్తా. పాల మయోనైజ్ మొదటి ప్రయత్నంలో విరిగింది, నూనె అంతా ఒకేసారి పోశాను మరి. రెండోసారి వచ్చింది.

బ్రెడ్డు అయిపోయాక మా అత్తమ్మ మిగిలింది జొన్న రొట్టెలో పెట్టుకుని తిన్నారు. "బాగుంది గానీ, ఇందులో కారమేది?" అన్నారు. ఆమె గిన్నెలో ఎర్ర కారం కలిపి ఇచ్చాను.