బాతు ముక్కుతోంది, గుడ్డు రావడం లేదు: దయచేసి సలహా ఇవ్వండి

ప్రశ్న

మా దగ్గర ఐదు ఆడబాతులు, ఒక మగబాతు ఉన్నాయి. వాటిలో ఏడాది వయసున్న ఒక ఆడబాతు నిన్న ఉదయం నుంచి ఛాతీ పైకెత్తి నిటారుగా నిలబడి, తోకను పైకీ కిందికీ ఆడిస్తూ ముక్కుతోంది. మేత గిన్నె దాకా వచ్చి, ఏమీ తినకుండానే వెనక్కి వెళ్లిపోతోంది. గత వారం ఇదే బాతు రెండుసార్లు తోలుగుడ్డు పెట్టింది. తడి కాగితంలా చేతికి మెత్తగా తగిలిన ఆ గుడ్లను చూసి కూడా నేను పట్టించుకోలేదు. వీటికి ఇన్నాళ్లూ గింజలే వేస్తున్నాను. గుడ్డు ఇరుక్కుందా? ఇంట్లో ఏం చేయవచ్చు?

జవాబు 1

మీరు చెప్పిన లక్షణాలన్నీ గుడ్డు ఇరుక్కున్నప్పుడు కనిపించేవే. బాతును ఒడిలో పెట్టుకుని, కాళ్లకూ గుడ్డు వచ్చే ద్వారానికీ మధ్య పొట్టను అరచేత్తో మెల్లగా తడమండి. గట్టిగా, గుండ్రంగా తగిలితే అది గుడ్డే; తగలకపోయినా ధైర్యపడవద్దు, ఎందుకంటే పెంకు లేని గుడ్డు చేతికి తెలియదు. పొట్ట నీళ్లు నిండినట్టు ఉబ్బి ఉంటే, పచ్చసొన అండవాహికలోకి (గుడ్డు తయారై బయటికి వచ్చే గొట్టం) వెళ్లకుండా కడుపులో పడి వాపు తెచ్చిందేమో అనుమానించాలి.

పొట్ట మునిగేంత గోరువెచ్చని నీటిలో దాదాపు అరగంట ఉంచి, బాగా తుడిచి, మసక వెలుతురున్న వెచ్చని చోట మిగతా వాటికి దూరంగా వదలండి. పొట్టను నొక్కి గుడ్డును బయటికి తోసే ప్రయత్నం మాత్రం చేయకండి. లోపల పగిలితే పెంకు ముక్కలు అండవాహికను కోస్తాయి. ఎర్రని కండ బయటికి వచ్చినట్టు కనిపిస్తే, మిగతా బాతులు పొడవకుండా చూసి, దాన్ని తడిగా ఉంచి వెంటనే వైద్యుడి దగ్గరికి బయలుదేరండి. అసలు నిన్నటి నుంచీ ముక్కుతోందంటే, స్నానం ఫలితం కోసం ఎదురుచూడకుండా ఈరోజే పశువైద్యుడికి చూపించడం మంచిది.

జవాబు 2

పై సలహాకు ఒక్క మాట చేరుస్తాను: నీరసించిన బాతు నోట్లో కాల్షియం ద్రవం పోయకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆ పని వైద్యుడు ఇంజెక్షన్‌తో చేస్తారు.

మీ ప్రశ్నలో నన్ను ఆపింది తోలుగుడ్ల సంగతి. గుడ్డు తయారవడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అందులో ఎక్కువ సమయం పెంకు కట్టడానికే పోతుంది; ఆ పెంకుకు కావలసిన కాల్షియమే గుడ్డును బయటికి నెట్టే కండరం బిగుసుకోవడానికీ కావాలి. అందుకే పెంకు పలచబడిన బాతుకు కొన్నాళ్లకు గుడ్డు ఇరుక్కోవడం వింతేమీ కాదు. గింజల్లో కాల్షియం నామమాత్రం. గుడ్లు పెట్టే బాతులకు సుమారు 3 శాతం కాల్షియం ఉన్న లేయర్ దాణా వేసి, ఆల్చిప్పల ముక్కలను వేరే గిన్నెలో పెట్టండి; కావలసిన బాతు కావలసినంత తింటుంది. వాటిని అందరి మేతలో కలిపేస్తే మగబాతుకూ, పిల్లలు ఉంటే వాటికీ అవసరం లేని కాల్షియం మూత్రపిండాలకు చేటు చేస్తుంది. ఆ కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి కనుక ఎండ తగలనివ్వండి. గింజలతో కొవ్వు పట్టిన బాతుకు గుడ్డు దారి కూడా ఇరుకవుతుంది. బూజు పట్టిన మేతను దగ్గరికి రానివ్వకండి; ఆ విషానికి బాతులు కోళ్ల కంటే త్వరగా లొంగిపోతాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎక్స్-రేలో గుడ్డు కనిపించింది. కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చిన తరువాత సాయంత్రానికి పెట్టింది. ఒక కొన నున్నగా, రెండో కొన గరుకు కాగితంలా ఉంది. రాత్రిళ్లు గూట్లో దీపం వెలిగించే ఉంచుతాను, దాన్ని ఆపాలా?

జవాబు 2

తప్పకుండా ఆపండి. వెలుతురు ఎంతసేపు ఉంటే శరీరం అంతగా గుడ్లకు సిద్ధమవుతుంది, మీ బాతుకు ఇప్పుడు కావలసింది విరామం. మళ్లీ పెట్టడం మొదలుపెట్టాక మొదటి కొన్ని గుడ్ల పెంకును రోజూ వేలితో తడిమి చూడండి. బాతులు ఎక్కువగా తెల్లవారుజామునే పెడతాయి కనుక, పొద్దెక్కినా గూట్లో గుడ్డు లేకుండా ఆ బాతు ముక్కుతూ కనిపిస్తే మర్నాటి దాకా ఆగకండి.