పాత తెలుగు సినిమాకి బ్లూరే అడగాలా, యూట్యూబ్ చాలా?

వడపళని వెన్నెల
1950, 60లలో మన మదరాసు స్టూడియోల్లో తీసిన నలుపు తెలుపు తెలుగు సినిమాలని బ్లూరేగా తెమ్మని నిర్మాతల వారసులకీ, పుణె జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కీ ఒక విజ్ఞప్తి పంపుదామని చెన్నైలో కొందరం అనుకుంటున్నాం. "యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నదానికి డిస్కు దేనికి" అన్న మాట ప్రతిసారీ వస్తోంది కాబట్టి ముందు ఇక్కడే తేల్చుకుందాం.

నా మాట డిస్కువైపే. వీసీడీలో బొమ్మ 352 బై 288, డీవీడీలో 720 బై 576. 35 ఎంఎం నెగటివ్‌లో ఉన్న వివరం వీటిలో ఇమడదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే కెమెరాలో పట్టిన వెన్నెలని ఆ చుక్కల్లో చూసి, చూశాం అనుకోవడం ఆయన పనికి అన్యాయం.

రిచీ స్ట్రీట్ వాసి
వెన్నెల గారూ, కోరిక న్యాయమే, అడిగే వస్తువే తప్పు. బ్లూరే ప్లేయర్ ఉన్న తెలుగు ఇళ్ళు ఎన్నండీ? అచ్చు పోసి నొక్కే డిస్కుకి మాస్టరు తయారీ ఖర్చు వంద తీసినా వెయ్యి తీసినా ఒకటే, కాబట్టి ఫ్యాక్టరీలు వందా రెండొందలకి ముందుకు రావు. తక్కువ కాపీలైతే రైటర్‌లో కాల్చిన డిస్కే ఇస్తారు. ఆ డిస్కుల్ని మన ఎండకీ ఉక్కకీ బీరువాలో పెట్టి ఇరవై ఏళ్ళు ఉంటాయని నమ్మలేం. 2007లో మోజర్ బేర్ వీసీడీ 28, డీవీడీ 34 రూపాయలకి అమ్మితే జనం ఎగబడి కొన్నారు. ఇప్పుడు వెయ్యి రూపాయలంటే కొంటారా? ఆ డబ్బు స్కానింగ్‌కి పెట్టించి, ఫలితాన్ని హెచ్‌డీలో యూట్యూబ్‌లో పెట్టమందాం. పల్లెలో ఉన్న ముసలాయన కూడా ఫోన్లో చూస్తాడు.

రీలుడబ్బా
ఇద్దరూ ఒక విషయం దాటేశారు. ఇప్పుడు యూట్యూబ్‌లో "హెచ్‌డీ" అని ఉన్న పాత సినిమాల్లో చాలావాటికి మూలం పాత టేపు. ఒకప్పుడు టీవీకోసం వీడియో టేపుకి ఎక్కించినదాన్నే 1080కి సాగదీశారు. నమ్మకపోతే ఇలా పరీక్షించండి.

మొదట్లో వచ్చే సెన్సారు సర్టిఫికెట్ దగ్గర ఆపండి. సినిమా పొడవు అడుగుల్లోనో మీటర్లలోనో ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24. అంటే నిమిషానికి 90 అడుగులు, మీటర్లలో 27.43. సర్టిఫికెట్‌లో 5,000 మీటర్లని ఉంటే సినిమా 182 నిమిషాల 16 సెకన్లు నడవాలి. వీడియో 175 నిమిషాలే ఉంటే కోత అని కంగారు పడకండి, అది మన టీవీలు వాడిన పాల్ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములుగా పరిగెత్తించిన కాపీ. 160 ఉందంటే పాటలో పద్యాలో పోయినట్టే. సర్టిఫికెట్ రెండో భాగంలో సెన్సారు కోతల జాబితా ఉంటుంది, ఆ పొడవు కూడా చూసుకోండి.

ఇక ఎవరైనా చెయ్యి అడ్డంగా ఊపే చోట ఫ్రేము ఫ్రేముగా జరపండి. అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలో, ఒకే ఫ్రేములో రెండు చేతుల నీడో కనబడితే మూలం ఇంటర్‌లేస్డ్ టేపు, అంటే ఒక్కో బొమ్మని సరి గీతలు, బేసి గీతలుగా రెండు ముక్కల్లో దాచినది. ఇక 4కే అని ఎంత రాసినా అందులో కొత్త వివరం రాదు.

టీనగర్ శ్రోత
25 ఫ్రేముల సంగతి వచ్చింది కనక చెబుతున్నాను. బొమ్మ 4 శాతం వేగం పెరిగితే కంటికి తెలియదు, చెవికి తెలుస్తుంది. ఒకటి శ్రుతిలో పాడిన పాట ఒకటిన్నర దగ్గరికి జరుగుతుంది. ఘంటసాల గొంతులో ఉండే ఆ బరువు పలచబడుతుంది. టీవీలో వింటూ పెరిగినవాళ్ళు అదే అసలు గొంతు అనుకుంటున్నారు, నాకు బాధ అక్కడే.

చేతిలో ఉన్న డీవీడీని సరిచేసుకోవాలంటే బొమ్మని 24కి మార్చి, ధ్వనిని సెకనుకి 48,000 నమూనాల బదులు 46,080గా చదివించి, మళ్ళీ 48,000కి మార్చాలి (రీశాంపుల్). ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు వరుసల పని. టెంపో మాత్రమే తగ్గించే ఫిల్టర్ వాడితే నిడివి సరిపోతుంది, శ్రుతి తప్పు అలాగే మిగులుతుంది. ముందు రీలుడబ్బా గారి లెక్కతో నిడివి చూసుకోండి, ఎందుకంటే అన్ని కాపీలకీ ఈ జబ్బు లేదు. గ్రామఫోను రికార్డుతో పోల్చి తేల్చకండి. 78 ఆర్‌పీఎం పలక ఒక వైపు మూడున్నర నిమిషాలకి మించి పట్టేది కాదు, అందుకని పాటని కుదించేవారు, కొన్నిసార్లు విడిగా పాడించేవారు.

విజ్ఞప్తిలో "అసలు మోనో (ఒకే చానెల్) ట్రాక్" అన్న మాట తప్పకుండా ఉండాలి. కొత్త వాద్యాలు కలిపి చుట్టూ స్పీకర్లలో వినిపించే 5.1 ధ్వని కావాలంటే రెండో ట్రాక్‌గా ఇవ్వనీండి.

పెరంబూరు కుర్రాడు
అందరూ నలుపు తెలుపు అంటున్నారు. 2010లో మాయాబజార్‌కి రంగులద్ది విడుదల చేస్తే పిల్లల్ని తీసుకుని థియేటర్లకి వెళ్ళారు కదా. రంగుల వెర్షన్ అడిగితే పెట్టుబడి పెట్టేవాళ్ళూ దొరుకుతారు. మీ విజ్ఞప్తికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

వడపళని వెన్నెల
రంగు మీద నాకు కోపం లేదు తమ్ముడూ, చట్రం మీదే పట్టుదల. ఆ కాలపు ఫ్రేములో వెడల్పు, ఎత్తు 1.37కి 1. దాన్ని సాగదీయకుండా 2.35కి 1 ఉండే వెడల్పాటి స్కోప్ తెరలో నింపాలంటే నిలువులో 42 శాతం కోసెయ్యాలి. పౌరాణికంలో నర్తకి నిలువెత్తు బొమ్మ వేసుకో. కిరీటం ఉంచితే గజ్జెలు పోతాయి, గజ్జెలు ఉంచితే కిరీటం పోతుంది. రంగులు వేసినా చట్రం 1.37లోనే ఉంచి, నలుపు తెలుపు మాస్టర్‌ని పక్కన భద్రం చేస్తే నేనూ సంతకం పెడతాను.

హక్కులరక్షణ
చట్టం సంగతి. కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకి హక్కు విడుదలైన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్ళు. 1957 సినిమాకి 2017 డిసెంబరు 31తో అయిపోయింది. సాహిత్యానికి లెక్క వేరు, రచయిత పోయాక 60 ఏళ్ళు. పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు, ఆయన మాటలకీ పాటలకీ 2031 చివరిదాకా హక్కు ఉంటుంది. కాబట్టి "పబ్లిక్ డొమైన్, మనమే వేసేద్దాం" అని ఎవరూ దూకవద్దు.

ఇంకో చిక్కు కూడా ఉంది. సినిమా హక్కు పోయినంత మాత్రాన నెగటివ్ ఉన్న డబ్బా అందరిదీ అయిపోదు. అది ఎవరి గదిలో ఉంటే వాళ్ళ దయ. హక్కు ముగిసినదానికి డబ్బు పెడితే మరునాడే ఎవరో కాపీ కొడతారన్న భయం వారసులకి ఉంటుంది, అది అర్థం లేనిది కాదు.

రీలుడబ్బా
అందుకే డిస్కా, యూట్యూబా అన్నది రెండో ప్రశ్న అంటున్నాను. మొదటిది డబ్బా ఎక్కడుంది, ఏ స్థితిలో ఉంది అన్నది.

ఎసిటేట్ ఫిల్ము వేడికీ తేమకీ విడిపోయి ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది. మూత తియ్యగానే పులుపు వాసన కొడితే అది మొదలైందని అర్థం. కొత్త ఫిల్మైనా సరే 21 డిగ్రీలు, 50 శాతం తేమలో ఉంచితే ఈ జబ్బు పట్టడానికి సుమారు 40 ఏళ్ళన్నది నిపుణుల అంచనా. చెన్నై గోదాములో 21 డిగ్రీలు ఎక్కడిది? పైగా ఆ ఆవిరి పక్క డబ్బాలకీ అంటుకుంటుంది. డబ్బాలో ఏ-డీ స్ట్రిప్ అనే నీలం కాగితం ముక్క ఒక రోజు ఉంచాలి. నీలంగానే ఉంటే నయం, ఆకుపచ్చకి తిరిగితే తొందరపడాలి, పసుపైతే ఆ రీలు ముందు వరసలో స్కాన్ కావాలి. ఫిల్ము ఒక శాతం కుదించుకుపోతే ప్రొజెక్టరు పళ్ళు రంధ్రాలని చింపేస్తాయి కాబట్టి, "ఒకసారి వేసి చూద్దాం" అని ఎవరన్నా ఆపండి. పళ్ళు లేని స్కానరు కావాలి. గీతలు ఎక్కువుంటే ద్రవంలో తడుపుతూ స్కాన్ చేసే వెట్‌గేట్ కావాలి.

ఖర్చు ఎందుకవుతుందో కూడా చూడండి. మూడు గంటల సినిమాలో 2,59,200 ఫ్రేములు. 4కేలో ఒక్కో ఫ్రేము 51 ఎంబీ, మొత్తం 13 టీబీ పైమాటే. మూడు కాపీలు ఉంచాలి, ఒకటి వేరే ఊళ్ళో.

రిచీ స్ట్రీట్ వాసి
ఇది ఒప్పుకుంటాను. స్కాన్ ముందు, మిగతావన్నీ తర్వాత. కానీ డిస్కు విషయంలో నా మాట మారలేదు. 25 జీబీ డిస్కులో మూడు గంటలు కుక్కితే సెకనుకి 18 మెగాబిట్లే. నలుపు తెలుపు ఫిల్ము గ్రెయిన్‌కి, అంటే ఫిల్ములో సహజంగా ఉండే సన్నని రేణువులకి, అది బొటాబొటి. 50 జీబీ అడగకపోతే గ్రెయిన్ తుడిచేసి మొహాలు మైనపు బొమ్మల్లా చేసి ఇస్తారు.

పెరంబూరు కుర్రాడు
మరి దూరదర్శన్ నాటికలు, పాత సీరియల్స్? అవీ జాబితాలో ఉన్నాయి కదా?

రీలుడబ్బా
వీడియో టేపు మీద తీసినవాటికి 576 గీతలే మూలం. వాటికి బ్లూరే అడగవద్దు. టేపు ఉండగానే, దాన్ని తిప్పే యంత్రం పనిచేస్తుండగానే, కుదించకుండా ఫైలుగా ఎక్కించమని అడగాలి. గంటకి 75 నుంచి 100 జీబీ దాకా పడుతుంది. టేపు మీద తెల్లని బూజు కనిపిస్తే యంత్రంలో పెట్టనే కూడదు. హెడ్డు పాడవుతుంది, తర్వాత పెట్టిన ప్రతి టేపుకీ అంటుకుంటుంది.

వడపళని వెన్నెల
విజ్ఞప్తి మార్చి రాస్తున్నాను. మొదటి పేరాలో నెగటివ్ ఎక్కడుంది, స్ట్రిప్ పరీక్ష జరిగిందా అని అడుగుతాం. రెండోదానిలో 1.37 చట్రం, 24 ఫ్రేములు, మోనో ట్రాక్, గ్రెయిన్ తుడవకుండా స్కాన్. డిస్కు, యూట్యూబ్ రెండూ మూడో పేరాలో ఉంటాయి, 50 జీబీ అని రాస్తాను. మీ దగ్గరున్న వీసీడీ, డీవీడీల్లో సెన్సారు సర్టిఫికెట్ కనిపిస్తే ఆ తెర ఫోటో తీసి, పొడవు, రీళ్ళ సంఖ్య, డిస్కు నిడివి ఇక్కడ పెట్టండి. ఏ సినిమాకి ఎన్ని నిమిషాలు తగ్గాయో లెక్కతో సహా జతచేద్దాం.