కంజి ఉచ్చారణలు విడిగా బట్టీ పట్టాలా, పదాలతో పాటే నేర్చుకోవాలా?

తూర్పుగాలి: జపనీస్ నేర్చుకుంటున్నాను. ఉచ్చారణని రాసే లిపులు హిరగానా, కటకానా వచ్చాయి. డిసెంబర్‌లో జపనీస్ భాషా పరీక్ష ఎన్4 స్థాయి రాయాలి. ఒక్కో కంజికి (అర్థాన్ని సూచించే, చైనా నుంచి వచ్చిన గుర్తు) ఒన్‌యోమి, కున్‌యోమి అనే రెండు రకాల ఉచ్చారణలూ అన్నీ పట్టిక వేసుకుని చదివితే వారం తిరక్కుండానే కలగాపులగం అయిపోతున్నాయి. పదాలేమో తెలుగు లిపిలో రాసుకుంటున్నాను. పద్ధతి మార్చాలా? రోజుకి ఎన్ని పదాలు పెట్టుకోవచ్చు?

నీటిచుక్క: పట్టిక పక్కన పెట్టేయండి. మనం నీళ్లు తాగుతాం, కానీ కట్టేది జలాశయం, "నీళ్లాశయం" అనం. ఆ రెండిటికీ ఒకటే గుర్తు ఉందనుకోండి, అదే కంజి. నీటి కంజి ఒంటరిగా ఉంటే మిజు. ఇది జపాన్ వాళ్ల సొంత మాట, అంటే కున్‌యోమి. ఇంకో కంజితో జతకడితే ఎక్కువగా చైనా నుంచి వచ్చిన సుయ్, అంటే ఒన్‌యోమి: సుయ్‌యోబి (బుధవారం), సుయ్‌దో (కుళాయి నీటి సరఫరా), కోసుయ్ (అత్తరు). ఈ మూడు పదాలొస్తే సుయ్‌ని వేరే బట్టీ పట్టక్కర్లేదు.

కంజి వెనక హిరగానా తోక ఉంటే దాదాపు కున్‌యోమే. తబెరు (తిను) అన్నదాంట్లో "త" కంజిలో ఉంది, "బెరు" హిరగానాలో. తబెత (తిన్నాను), తబెనై (తినను) అన్నా కంజి కదలదు, తోకే మారుతుంది. మొండిఘటాలూ ఉన్నాయి: "పెద్ద", "మనిషి" కంజిలు కలిస్తే ఒతొన (వయసొచ్చిన మనిషి). ఇందులో ఏ ముక్క ఏ కంజిదో చెప్పలేం, పదం మొత్తంగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

అఆఇఈ: తెలుగు లిపి నోట్సు ఇవాళే ఆపండి. హ్రస్వదీర్ఘాలు, ద్విత్వాలు మన చెవికి అలవాటే: ఒబసన్ అత్త, ఒబాసన్ అమ్మమ్మ, కితె అంటే వచ్చి, కిత్తె అంటే తపాలా బిళ్ల. చిక్కు రాతలో ఉంది. కోకో (హైస్కూలు)లో దీర్ఘాన్ని కొ-ఉ-కొ-ఉ అని రాస్తారు, ఓకీ (పెద్ద)లో ఒ-ఒ. తెలుగులో రెండూ ఒకే "ఓ"గా కనిపిస్తాయి. ఫోన్‌లో టైపు చేసేటప్పుడు ఆ "ఉ" కొట్టకపోతే కావలసిన కంజి రానే రాదు.

నీటిచుక్క: అవును, ఇది పరీక్షలో కూడా మార్కులు పోగొడుతుంది.

కలంపోటు: కంజిలో ఏ ముక్క శబ్దం చెబుతుందో చూడండి. నీలం కంజి ఒన్‌యోమి "సే". పక్కన సూర్యుడు చేరితే సేతెన్ (నిర్మలమైన ఆకాశం)లో సే, నీటి ముక్క చేరితే సేకెత్సు (శుభ్రం)లో సే, మాట ముక్క చేరితే షిన్‌సే (దరఖాస్తు)లో సే. మనసు ముక్క చేరితే మాత్రం జోహో (సమాచారం)లో "జో" అయిపోతుంది. కాబట్టి ఊహించండి, కానీ నిఘంటువు చూశాకే నమ్మండి.

రోజుకి 10 కొత్త పదాలు చాలు. ఆంకీలో (కార్డులతో పదాలు గుర్తుచేసే యాప్) పాతవాటి రివ్యూలు కొత్తవాటికి ఏడెనిమిది రెట్లవుతాయి. 20 పెట్టుకుంటే నెలలోపే రోజుకి 150 కార్డులు మీద పడతాయి. కార్డు ముందువైపు కంజితో చిన్న వాక్యం, వెనక హిరగానాలో ఉచ్చారణ, తెలుగు అర్థం పెట్టండి. 2010 నుంచి ఈ పరీక్షకి అధికారిక పదాల జాబితా ఇవ్వడం లేదు, బయట దొరికేవన్నీ అంచనాలే.

తూర్పుగాలి: చాలా థాంక్సండీ. కటకానా "షి", "త్సు" ఇప్పటికీ తారుమారవుతున్నాయి.

కలంపోటు: చేత్తో రాయండి. "షి"లో చిన్న గీతలు రెండూ ఎడమ అంచున ఒకదాని కింద ఒకటి, పొడుగు గీత కింద నుంచి పైకి. "త్సు"లో చిన్నవి పై అంచున పక్కపక్కన, పొడుగుది పై నుంచి కిందికి. "న్", "సొ"లకీ ఇదే తేడా, కాకపోతే చిన్న గీత ఒక్కటే.