అంబాసిడర్ గట్టిదా, ఇప్పటి పికప్ గట్టిదా?

తోటబాట: నాన్నగారి 1971 అంబాసిడర్ షెడ్డులో ఉంది. పొలం పనులకు ఇసుజు వి-క్రాస్ పికప్ కొందామని అన్నయ్య అంటున్నాడు. “ఆ ఇనుము ముందు ఈ రేకులు నిలుస్తాయా?” అంటారు నాన్న. ఇంట్లో రోజూ ఇదే వాదన. మీరేమంటారు?

స్టీరింగ్‌గేరు: అంబాసిడరే అంటాను. ఇరవై ఏళ్లు టాక్సీ నడిపాను. ఎంత గోతుల రోడ్డయినా, ఎంతమంది ఎక్కినా లాగింది. రోడ్డు పక్క మెకానిక్ నాలుగు స్పానర్లతో బాగుచేసేవాడు. ఇప్పటి బండిలో హెచ్చరిక లైటు వెలిగితే స్కానర్ ఉన్న షాపు వెతుక్కోవాలి.

నిచ్చెనఛాసిస్: రిపేరు తేలికన్నది నిజమే అన్నా, ఒప్పుకుంటాను. గట్టిదనం వేరే సంగతి. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్, అంటే కింద ఇనప చట్రం, లేదు. అది ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది, బాడీయే బరువంతా మోస్తుంది. కింద తుప్పు పట్టిందా, బండి బలమే పోయినట్టు. వి-క్రాస్‌కి లారీలాగా కింద ఛాసిస్, దాని మీద బాడీ. వెనక బరువు ఆపే కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) మాత్రం రెండింటికీ ఉన్నాయి. ఇంజిన్ చూస్తే అంబాసిడర్‌ది 1489 సీసీ పెట్రోలు, యాభై పైచిలుకు హార్స్‌పవర్; వి-క్రాస్‌ది 1.9 లీటర్ల డీజిల్, 160 పైమాటే.

అసలు భయం గుద్దుకున్నప్పుడు. 2009లో అమెరికాలో ఐఐహెచ్‌ఎస్ అనే రోడ్డు భద్రతా సంస్థ 1959 షెవర్లే బెల్ ఎయిర్‌నీ, 2009 మాలిబునీ గంటకు 40 మైళ్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. పాత కారులో డ్రైవర్ కూర్చునే చోటే నలిగిపోయింది. కొత్తదాంట్లో ముందు భాగం నలిగి దెబ్బను తీసుకుంది, మనిషి చోటు నిలిచింది. అలా నలగాలనే దాన్ని కడతారు.

ఆ కాలపు కారొకటి నడుపుతూ మా మామయ్య చెట్టుకి గుద్దారు. బెల్టు లేదు, స్టీరింగ్ ఛాతీకి తగిలి పక్కటెముకలు విరిగాయి. చూడటానికొచ్చిన వాళ్లు “బండికేం కాలేదు, ఎంత గట్టిదో” అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు బాధే.

స్టీరింగ్‌గేరు: మామయ్యగారి సంగతి చదివి మనసు కష్టమైంది తమ్ముడూ. గుద్దుకుంటే కొత్త బండే మనిషిని కాపాడుతుందన్న మాట కాదనను. కానీ 5.3 మీటర్ల బండి ఊరి సందుల్లో ఎలా మళ్లుతుంది? అంబాసిడర్ అంతకంటే మీటరు పొట్టి. అది కూడా లెక్కేగా.

చెరువుగట్టు: ఏది కొన్నా పాతది తుక్కుకి మాత్రం వేయకండి. 2021 రూల్స్ ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉంటే వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అని వస్తుంది. అయితే రోజువారీ తిరగడానికి వీల్లేదు, అది ఆలోచించుకోండి. ఇంకోటి, తర్వాత వచ్చిన 1800 సీసీ అంబాసిడర్‌లో ఇసుజు ఇంజినే ఉండేది. వి-క్రాస్ తయారయ్యేది మన శ్రీసిటీలో. నాన్నగారికి ఈ రెండూ చెప్పండి, కాస్త దగ్గరగా అనిపిస్తుంది.

తోటబాట: బెల్ ఎయిర్ వీడియో నాన్నకి చూపించాను. రెండోసారి పెట్టమన్నారు. చూసి ఏమీ మాట్లాడలేదు. రేపు పొద్దున బండి జాకీ మీద ఎత్తి కింద తుప్పు చూద్దాం రమ్మన్నారు.