మా ఊరి మర్రి మీద గబ్బిలాయిలు: తరిమేయకుండా ఆపేదెలా?

మాది టెక్కలి దగ్గర పల్లె. చెరువు గట్టు మీది మర్రి నిండా గబ్బిలాయిలే. 2018 తిత్లీ తుఫానుకి సగం కొమ్మలు పోయాక కొంచెం తగ్గాయి. ఇప్పుడెవరో నిపా (గబ్బిలాయిల నుంచి మనుషులకి సోకే వైరస్) వీడియో పంపారు. దీపావళికి చెట్టు కిందే బాంబులు పేల్చి తరిమేద్దామంటున్నారు పెద్దలు. వద్దంటున్నది మేం ఆరుగురు కుర్రాళ్ళమే. ఏం చెప్పి ఒప్పించాలి?

జవాబు 1
తమ్ముడూ, మాది పలాస వైపు, జీడితోట. నేనూ ఒకప్పుడు బాంబులు పేల్చినవాణ్ణే. అవి ఊరు వదల్లేదు, పక్క వీధి చింతచెట్టుకి మారాయంతే. సపోటాలకి నైలాన్ వల కట్టాను. తెల్లారి చూస్తే ఒక తల్లి చిక్కుకుని ఉంది, రొమ్మున పిల్ల. ఏడాదికి ఒక్క పిల్లే కంటాయట. మా ఆవిడ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. వల తప్పదంటే వేలు దూరనంత సన్న కన్నుది, బిగించి కట్టండి. జీడితో గొడవే లేదు. పండు తిని పిక్క వదిలేస్తాయి, పొద్దున్నే అవి వాలిన మామిడిచెట్టు కింద ఏరుకుంటాం.

నిపా భయం ఉత్తిదని మాత్రం అనకండి, 2018లో కేరళలో మనుషులు పోయారు. కొరికిన పండు తినొద్దు, కల్లు ముంతకి మూత కట్టాలి. ఇవి చెబితే పెద్దలు వింటారు. ఎండ 42 డిగ్రీలు దాటితే గబ్బిలాయిలు సొమ్మసిల్లి రాలిపోతాయి. అప్పుడు మోటారు పైపుతో కొమ్మల మీద నీళ్ళు చల్లండి. పడినదాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, ఫారెస్టువాళ్ళకి చెప్పండి. నెలకోసారి పొద్దుగూకే వేళ నలుగురు నాలుగు దిక్కులా నిలబడి, ఎగిరిపోయేవాటిని లెక్కపెట్టి నోటుబుక్కులో రాయండి. పెద్దలకి అంకె చూపిస్తే మాట వేరుగా ఉంటుంది.

జవాబు 2
విజయనగరం నుంచి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పళ్ళు తినే గబ్బిలాలని కాకులు, ఎలుకలతో పాటు హానికర జంతువుల జాబితాలో పెట్టారు. 2022 సవరణతో ఆ జాబితానే ఎత్తేశారు. మీ పంచాయతీలో ఇది చెప్పండి. ఇప్పచెట్టు బాగా కాయడానికీ రాత్రి ఇవి పూల మీద వాలడం సాయం చేస్తుంది. అయినా పక్కనే తేలినీలాపురంలో కొంగల్ని ఊరే కాపాడుకుంటోంది కదా, మీవాళ్ళకి వేరే పాఠం ఎందుకు?

అడిగినవారు
అన్నా, మేడమ్ గారూ, థాంక్స్. బాంబులు బడి మైదానంలో కాల్చడానికి ఒప్పుకున్నారు. నిన్న మొదటి లెక్క: నాకు 212, మావాడికి 340. ఇద్దరం ఒకే దిక్కు చూశామని తర్వాత తెలిసింది.