సమస్యాపూరణం: తరలివచ్చిన చుట్టమే తలుపు మూసె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి పాదం: "తరలివచ్చిన చుట్టమే తలుపు మూసె". అంశం: కణంలోకి కాల్షియం ప్రవేశం. చుట్టం ఎవరో మీరే తేల్చండి.

ఈ అంశం ఎందుకంటే, 1883లో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పునీళ్ళలో ఉంచి గమనించారు. కుళాయి నీళ్ళతో కలిపిన ద్రావణంలో గుండె చక్కగా కొట్టుకుంది. స్వేదనజలంతో కలిపితే కాసేపటికే ఆగిపోయింది. తేడా కుళాయి నీళ్ళలో ఉన్న కాస్త కాల్షియం! అది గుండె కణంలోకి దూరేది చానెల్ అనే ప్రోటీన్ తలుపు గుండానే.

గోదారిగట్టు:
బయట పదివేల రెట్లుగ బారు దీరి
గడప దాటిన కాల్షియమ్ కదలి యచట
మెలగు కాల్మాడ్యులిను చేయి మెల్లఁ బట్టి
తరలివచ్చిన చుట్టమే తలుపు మూసె

కణం పొర మీద వోల్టేజి మారగానే తలుపు తెరుచుకుంటుంది. బయట సోడియం కాల్షియం కంటే వంద రెట్లు ఎక్కువ, సైజులో రెండూ దాదాపు ఒకటే. అయినా చానెల్ ఇరుకులో ఉన్న నాలుగు గ్లూటమేట్ అమైనో ఆమ్లాలు కాల్షియాన్నే పట్టి లోపలికి పంపుతాయి. ఇది పద్యంలో ఇరికించలేకపోయాను.

నిర్వాహకుడు:
నడక హాయిగా ఉందండీ. "కాల్షియమ్" అని పొల్లుతో ఆపడం పరభాషా పదం కాబట్టి ఒప్పుకుంటాను. "మెలగు" మాత్రం ఒప్పుకోను. కాల్మాడ్యులిన్ అనే ప్రోటీన్ అక్కడ తిరుగాడుతూ ఉండదు, చానెల్ లోపలి తోకకు ముందే అతుక్కుని ఉంటుంది. కాల్షియం వచ్చి తనను తాకగానే తలుపు మూయిస్తుంది. ఇలా మారిస్తే?

తోకఁ గాల్మాడ్యులిను చేయి తొలుతఁ బట్టి

తో–తొ యతి కూడా నిలుస్తుంది. మీ పూరణకు ప్రయోగశాలలో సాక్ష్యం ఉంది: కాల్షియం బదులు బేరియం పంపితే అదే తలుపు అంత చప్పున మూసుకోదు. అంటే మూసేది నిజంగా వచ్చిన చుట్టమే. సమస్యకు ఇంతకన్నా సూటి అర్థం నాకు తోచలేదు.

గోదారిగట్టు:
"తోకఁ గాల్మాడ్యులిను" బాగుంది మాస్టారూ, తీసుకుంటున్నాను.

ఎర్రమట్టి:
నాది మెదడు కణం. అక్కడి ఎన్‌ఎండీఏ గ్రాహకం, అంటే కాల్షియం దూరే ఇంకో రకం తలుపు.

గుమ్మమున నిల్చె మెగ్నీషియమ్ము బిరడ
కాల్షియమ్మెల్ల వెలుపల కాచియుండె
మెఱుపు కొట్టిన గాని తా మెదల దిచట
తరలివచ్చిన చుట్టమే తలుపు మూసె

నిర్వాహకుడు:
మొదటి పాదంలో గుమ్మ–యమ్ము ప్రాసయతి చూసి సంబరపడ్డాను. బయటి నుంచి వచ్చిన మెగ్నీషియం దారికి అడ్డంగా ఇరుక్కోవడం, పొర వోల్టేజి మారితేనే కదలడం, రెండూ సరిగ్గా చెప్పారు. ఒకటే లోటు: మెఱుపు ఒక్కటే చాలదు, పక్క కణం నుంచి గ్లూటమేట్ అనే సందేశ రసాయనం వచ్చి తలుపు తట్టాలి కూడా. ఈ రెండూ కలిసిన క్షణమే మెదడు నేర్చుకోవడానికి పునాది. దానికి ఇంకో పద్యం రాయండి.

వానచినుకు:
మాస్టారూ, నాది అమ్మ వేసుకునే బీపీ మాత్ర, ఆమ్లోడిపిన్. రక్తనాళాల కండరంలో కాల్షియం తలుపుకు అడ్డుపడే మందు. మూడో పాదం దగ్గర తడబడుతున్నాను.

అమ్మ వేసిన మాత్రలో నణగియున్న
మందు చేరెను నాళంపు మలుపులందు
కాల్షియమ్మది కండను బిగియనీక
తరలివచ్చిన చుట్టమే తలుపు మూసె

నిర్వాహకుడు:
మూడో పాదంలో కా–బి యతి కుదరలేదమ్మా. అర్థం కూడా తిరగబడింది: కాల్షియం కండను బిగిస్తుంది, బిగియనీయనిది మందు. "కండ"ను ముందుకు తెచ్చి చూడండి. చుట్టం మందు కావడం నాకు నచ్చింది.

వానచినుకు:
సరే మాస్టారూ. ఇంకో మాట. ఇది రాస్తుంటే అమ్మ పక్కన కూర్చుని చీలమండల దగ్గర వేలితో నొక్కి చూపించింది, గుంట పడి అలాగే ఉంది. ఇదీ ఆ తలుపు పనేనా?

నిర్వాహకుడు:
అయి ఉండొచ్చు. ఆ మందుతో కాళ్ళ వాపు చాలామందిలో కనిపించేదే. సన్న ధమనులు వదులవుతాయి, సిరలు అంతగా కావు. మధ్యలో కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. వాపుకు వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి మీ అంతట మీరు మాత్ర ఆపకుండా డాక్టర్‌కి చూపించండి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో వారు చూస్తారు.

వానచినుకు:
రేపు తీసుకెళ్తాను. సవరించిన పద్యం:

అమ్మ వేసిన మాత్రలో నణగియున్న
మందు చేరెను నాళంపు మలుపులందు
కండ బిగియింపఁ గాల్షియమ్ కదలకుండ
తరలివచ్చిన చుట్టమే తలుపు మూసె