పాటను మధ్యలో దాటేసే అలవాటు ఎప్పటి నుంచి?

తీరికశ్రోత: ఈ మధ్య ఫోనులో ఒక్క పాట కూడా చివరిదాకా వినడం లేదు. పల్లవి అవుతుండగానే వేలు తరువాతి పాట మీదికి పోతోంది. క్యాసెట్ల రోజుల్లో నాకింత తొందర ఉండేది కాదు. మీలో ఎవరికైనా ఇలా ఉందా? ఎప్పుడు మొదలైందంటారు?

నల్లరికార్డు: అప్పుడు తొందర లేక కాదండీ, వీలు లేక. రికార్డు మీద ఒక పాట దాటాలంటే లేచి వెళ్లి, ముల్లు ఎత్తి, రెండు పాటల మధ్య నున్నగా మెరిసే సన్నని జాగా చూసి మెల్లగా దింపాలి. చేయి వణికిందా, గీత పడుతుంది. ఆ తంటా కన్నా నచ్చని పాట వినేయడమే నయం. అలా వినగా వినగా నచ్చిన పాటలు నాకు బోలెడు. పైగా 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టేది. అంతకుముందు నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులకు వైపుకు మూడు నాలుగు నిమిషాలే. దాటేలోపే పాట అయిపోయేది!

రెండోవైపు: క్యాసెట్‌లోనూ దాటేవాళ్లం, కానీ గుడ్డిగా. ఫార్వర్డ్ నొక్కి, ఆపి, విని, ఎక్కువ పోయిందని వెనక్కి తిప్పి... ఈలోగా బ్యాటరీ నీరసించి గాయకుడి గొంతు సాగేది. అందుకే దాటక్కర్లేని పాటలే ఎంచి నింపుకునేవాళ్లం. 90 నిమిషాల క్యాసెట్ అంటే వైపుకు 45. కాగితం మీద నిడివి కూడుకుని మరీ వరస వేసేదాన్ని. చివరికి వెనక అంచున ఉండే చిన్న పలకలు రెండూ విరిచేస్తే ఇక దాని మీద ఎవరూ రికార్డు చేయలేరు. (ఆ గుంతల మీద టేపు అంటించి మళ్లీ రికార్డు చేసే ఘనులు మా ఇంట్లోనే ఉండేవారు, అది వేరే కథ.)

మెరుపుపళ్లెం: అసలు దోషి 1982లో వచ్చిన సీడీ. రిమోట్ మీద ఒక్క మీట, కూర్చున్న చోటి నుంచే తరువాతి పాట. ఫోనును తిట్టి లాభం లేదు.

చెవిలోపాట: నేను పుట్టేసరికే ఎంపీ3లు. మీరంతా దాటడాన్ని తప్పులా మాట్లాడుతున్నారు. నేను దాటబట్టే తెలియని భాషల పాటలు దొరికాయి. డబ్బు పెట్టి కొన్న ఒక్క క్యాసెట్‌ను అరిగేదాకా వినడం ఓపికా, గత్యంతరం లేకపోవడమా? ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒకసారి విన్నట్టు లెక్క. ఈలోగా శ్రోత జారిపోకుండా పాట కట్టేవాళ్లకు తొందరపడక తప్పదు.

రెండోవైపు: గత్యంతరం లేకపోవడమే, కాదనను. నాకు లోటనిపించేది వేరు. వెంట తీసుకెళ్లే క్యాసెట్ ప్లేయరు ఉండేది చూడండి, వాక్‌మన్, 1979 నాటి మొదటి దానికి ఇద్దరు వినడానికి రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలు, మధ్యలో మాట్లాడుకోవడానికి నారింజ రంగు మీట ఉండేవి. పక్కన ఇంకొకరు వింటుంటే అడగకుండా దాటేయగలమా?

తీరికశ్రోత: వాదన సరే, నా వేలికి మందు చెప్పండి.

చెవిలోపాట: ఆల్బమ్ మొత్తం పెట్టి, ఫోను పక్క గదిలో వదిలేసి, బ్లూటూత్ స్పీకరు మీద వినండి. దాటాలంటే లేచి వెళ్లాలి. నాకు పని చేసింది.

నల్లరికార్డు: చాలా స్పీకర్ల మీద కూడా దాటేసే మీట ఉంటుంది. అది చేతికందనంత దూరంలో పెట్టుకోండి.